ఈత వచ్చిన పిల్లాణ్ణి సముద్రంలోకి దింపొచ్చా?

నిజాంపేట అమ్మ:
మా వాడికి ఎనిమిదేళ్లు. ఈ వేసవిలో రెండు నెలలు అపార్ట్‌మెంట్ పూల్‌లో కోచింగ్ ఇప్పించాం. 25 మీటర్లు ఆగకుండా ఈదేస్తున్నాడు. వచ్చే నెల పెళ్లికి వైజాగ్ వెళ్తున్నాం. ఆర్కే బీచ్‌లో నడుము లోతు దాకా దింపుతానని మావారు, మోకాలు దాటితే ఊరుకోనని నేను. "మరి అంత ఫీజు కట్టింది దేనికి?" అంటున్నారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

మోటబావి బ్యాచ్:
మీవారి మాటే నాదీ. నడుముకి మునగబెండ్లు కట్టి, తాడు పట్టుకుని మా నాన్న నన్ను బావిలోకి తోసేవాడు. నాలుగు రోజులకో బెండు తీసేవాడు. నెల తిరిగేసరికి గట్టు మీంచి దూకాను. నీళ్లంటే భయం పోవాలంటే నీళ్లలో దిగాల్సిందే. సముద్రమైనా అంతే.

ఉప్పుగాలి:
బావిలో నీళ్లు కదలవు అన్నా, తేడా అక్కడే ఉంది. మాది వైజాగే. ఆర్కే బీచ్‌లో ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు.

అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి కదా. ఇసుక మేటల మధ్య పల్లం ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి ఏరులా లోపలికి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. చాలాసార్లు అది చూడ్డానికి భయంగా కూడా ఉండదు. అటూ ఇటూ అలలు తెల్లగా విరిగిపడుతుంటే, మధ్యలో ఒక పట్టీలా నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. "ఇక్కడ అలల్లేవు, పిల్లలకు బాగుంటుంది" అని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఉద్ధృతంగా ఉన్నప్పుడు అది సెకనుకు రెండు మీటర్లకు పైగా లాగుతుంది. మీ బాబు 25 మీటర్లు నలభై సెకన్లలో ఈదినా సెకనుకు ముప్పావు మీటరు కూడా కాదు. లెక్క మీరే వేసుకోండి.

మోకాలు లోతన్నారు కదా, ఎవరి మోకాలు మేడమ్? మీ మోకాలంటే వాడికి తొడల దాకా వస్తుంది. అల వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింది ఇసుకను కూడా లాక్కుపోతుంది. పెద్దవాళ్లమే తూలిపోతాం.

పూల్ కోచ్:
నా వృత్తి ఇదే కాబట్టి రెండు వైపులా మాట్లాడతాను. ఈత నేర్పడం దండగ కాదు. 2009లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో ఈత క్లాసులకు వెళ్లినవాళ్లకు మునిగిపోయే ముప్పు 88 శాతం తక్కువని తేలింది. చిన్న అధ్యయనమే, ఆ అంకెను పట్టుకుని వేలాడకండి.

కానీ రెండు నెలల్లో మేం నేర్పేది ఎక్కువగా కాళ్లూ చేతులూ ఆడించడం. అదీ గాగుల్స్ పెట్టుకుని, అడుగు కనబడే నీళ్లలో. మీ వాణ్ణి గాగుల్స్ తీసి, టీషర్టుతో, వెల్లకిలా రెండు నిమిషాలు తేలమనండి. అది రాకపోతే వాడికి ఈత సగమే వచ్చినట్టు. రిప్‌లో పడితే చేయాల్సింది కూడా అదే. అది మనిషిని అడుక్కి లాగదు, దూరానికి లాగుతుంది. ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. ఎనిమిదేళ్లవాడికి ఆ కంగారులో ఇదంతా గుర్తుంటుందా? నాకైతే నమ్మకం లేదు.

ఇంకోటి, చేతులకు తొడిగే గాలి ఫ్లోటర్లు బొమ్మలతో సమానం. లైఫ్‌జాకెట్ వేరు. పూల్‌లో తెలుపు, లేతనీలం స్విమ్‌సూట్లు వద్దు, నీళ్లలో కలిసిపోతాయి. నారింజ రంగు మేలు. మునిగే పిల్లలు సినిమాల్లోలా అరవరు, చప్పుడు లేకుండా పోతారు. గట్టు మీద ఫోన్ చూసుకునే నాన్నల గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

గోదారి గట్టు:
మోటబావి అన్నా, మీ నాన్న చేతిలో తాడుంది. బీచ్‌లో ఆ తాడేది?

మోటబావి బ్యాచ్:
ఆ మాట నిజమే, తాడు సంగతి మర్చేపోయాను. కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. మోకాలు దాటొద్దని పెంచిన పిల్లలే కాలేజీకి వెళ్లాక ఇంట్లో చెప్పకుండా సూర్యలంకకో యారాడకో పోతారు. మునిగిపోయినవాళ్ల వార్తల్లో ఎక్కువ ఆ వయసు కుర్రాళ్లే కనబడతారు. అప్పుడు పక్కన ఎవరుంటారు? అమ్మానాన్న ఉండగా అల దెబ్బ ఒకసారి తింటే సముద్రమంటే ఏంటో తెలుస్తుంది.

ఉప్పుగాలి:
ఈ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ అల దెబ్బేదో ఆర్కే బీచ్‌లో వద్దు. రుషికొండకు వెళ్లండి. 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్ అది. స్నానానికి గుర్తుపెట్టిన చోటు, లైఫ్‌గార్డులు ఉంటారు. వాళ్లను అడిగి, వాళ్ల కంటి ముందే దిగండి. అలల హెచ్చరికలు ఇన్‌కాయిస్ ఇస్తుంది. తమాషా ఏంటంటే సముద్రం జోస్యం చెప్పే ఆ సంస్థ సముద్రమే లేని మీ నిజాంపేట పక్కన ప్రగతినగర్‌లో ఉంది.

నైట్ డ్యూటీ నర్సు:
టాపిక్ కాదు గానీ చెప్పకపోతే నిద్ర పట్టదు. నీళ్లు మింగిన పిల్లాణ్ణి భుజాన తలకిందులుగా వేసుకుని తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. శ్వాస లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊది, సీపీఆర్ మొదలుపెట్టాలి. పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి.

నిజాంపేట అమ్మ:
అందరికీ థ్యాంక్స్. మావారు మొత్తం చదివారు. రుషికొండకు ఒప్పుకున్నారు, లైఫ్‌జాకెట్‌కి కూడా. నిన్న వెల్లకిలా తేలే పరీక్ష పెడితే మా వాడు ఇరవై సెకన్లకే కాళ్లు కిందపెట్టేశాడు. అయితే లోతు మీద రాజీ కుదరలేదు. పైగా ఈయన కొత్త ప్రశ్న వేశారు: "వాడు లోపలికి పోతుంటే నువ్వేం చేస్తావ్, నీకు ఈతే రాదుగా?" నేను మాట్లాడలేకపోయాను. కోచ్ గారూ, నలభై ఏళ్లవాళ్లను చేర్చుకుంటారా?