మండువా ఇళ్ల కొలతలు తీసుకోవాలి, దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివి, తర్వాత అర్బన్ డిజైన్‌లో మాస్టర్స్ చేశాను. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం. వారమంతా ఫుట్‌పాత్‌లు, బస్‌స్టాపులు, మార్కెట్ వీధుల డ్రాయింగులే. ఆదివారం వస్తే స్కెచ్ పుస్తకం పట్టుకుని పాత కట్టడాల దగ్గరికి వెళ్తాను. 2022 డిసెంబరులో బాగుచేసి తెరిచిన బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గర ఎన్నో ఉదయాలు గడిపాను.

ఇప్పుడు మనసంతా గోదావరి జిల్లాల మండువా ఇళ్ల మీదే ఉంది. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాన నీళ్లు నడుమ మండువాలో పడి తూము గుండా బయటికి పోతాయి. వెలుతురూ గాలీ అక్కడి నుంచే గదుల్లోకి వస్తాయి. నాకు అంతకన్నా ఇష్టమైనది వీధి అరుగు. అది ఇంటివాళ్లదీ, దారిన పోయేవాళ్లదీ కూడా. అలాంటి చోటు మన అపార్ట్‌మెంట్ల ముందు ఎందుకు ఉండకూడదని ఎప్పుడూ అనిపిస్తుంది.

పోయిన సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్తే, నేను గీద్దామనుకున్న ఇల్లు అప్పటికే కూల్చేశారు. చాలా బాధేసింది. అప్పటి నుంచి మిగిలినవి కూడా పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

కోనసీమ, తణుకు, భీమవరం వైపు ఇలాంటి ఇళ్లు ఇంకా ఎక్కడున్నాయి? ముక్కూమొహం తెలియని మనిషి టేపు పట్టుకుని వస్తే ఇంటివాళ్లు అనుమానపడతారు కదా, ముందు ఎవరితో మాట్లాడితే మంచిది? గూన పెంకులు నేసే పాత మేస్త్రీలు ఎవరైనా తెలిస్తే అదీ చెప్పండి. గీసిన డ్రాయింగులు ఒక సెట్టు ఇంటివాళ్లకే ఇస్తాను.