రెండు పెద్ద కుక్కలు, ఒక్క మనిషి: హన్మకొండలో వాకింగ్ ఎట్లా?

వడ్డేపల్లి_కట్ట

ఇంట్లో రెండు కుక్కలున్నాయి. మూడేళ్ళ మగ ల్యాబ్రడార్ (ల్యాబ్) 34 కిలోలు, పద్నాలుగు నెలల ఆడ జర్మన్ షెపర్డ్ 29 కిలోలు. నేను 58 కిలోలు. ఒక్కోదాన్ని విడిగా తీసుకెళ్తే ఇబ్బంది లేదు. రెండింటినీ కలిపి గేటు దాటించగానే పోటీపడి లాగుతాయి, లీష్‌లు మెలిపడతాయి, గల్లీ చివర చికెన్ షాపు దగ్గర వీధికుక్కలు మొరిగితే రెండూ ఒకేసారి దూకుతాయి. ఇప్పుడు వాడుతున్నవి వీపు మీద రింగు ఉన్న హార్నెస్‌లు (ఛాతీకి తొడిగే పట్టీలు), ఒకే పిడి నుంచి రెండుగా చీలే లీష్.

ఏ సామాను మార్చాలి? లీష్‌ను నడుముకు తగిలించుకునే బెల్టులు వస్తున్నాయి, అది కొనొచ్చా? వీధికుక్కల గుంపు ఎదురైతే ఏం చేయాలి? ఆదివారాలు వరంగల్ కోట వైపో, ధర్మసాగర్ చెరువు వైపో, పొలాల మీదికో తీసుకెళ్ళాలని ఉంది. ఎక్కడికి పోవచ్చు, ఎక్కడికి వద్దు?

నవారు_కుట్టు

అక్కా, ముందు ఆ చీలిక లీష్ తీసి పక్కన పెట్టండి. ఒకటి దూకితే ఆ కుదుపు రెండోదాని ఛాతీకి తగులుతుంది, దానికి సంగతి అర్థం కాకముందే అదీ ఉలిక్కిపడి దూకుతుంది. పైగా ఆపదలో ఒకదాన్ని మాత్రం వదిలేయాలంటే కుదరదు. రెండు విడి లీష్‌లు కావాలి, ఒక్కోటి 5 అడుగులు, రంగులు వేరుగా. మెలిపడినప్పుడు ఏ కొస ఎవరిదో రంగు చూసి తెలియాలి, వెతుక్కునే టైముండదు.

అంగుళం వెడల్పు నైలాన్ నవారు మంచిది. సన్న తాడు అరచేతిని కోస్తుంది. ఇనుప గొలుసు వేళ్ళ మీద పడితే చర్మం లేస్తుంది. దానంతటదే సాగి, బటన్ నొక్కితే ఆగే లీష్ ఈ బరువులకు అసలే వద్దు. దాని ప్లాస్టిక్ పిడి చేజారితే కుక్క వెనకాలే దడదడ ఈడ్చుకుపోతుంది, ఆ చప్పుడుకు బెదిరి కుక్క ఇంకా ఉరుకుతుంది.

లీష్ తెగేది నవారు దగ్గర కాదు, హుక్కు దగ్గర. హుక్కు గిర్రున తిరగడానికి కింద ఒక కీలు ఉంటుంది. తళతళలాడే పోత హుక్కుల్లో ఆ కీలు మెడ అరిగి, ఒక్క గట్టి లాగుడుకు ఊడి వస్తుంది. వారానికోసారి హుక్కును రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. కీలు దగ్గర లూజుగా కదిలినా, స్ప్రింగు పూర్తిగా మూసుకోకపోయినా మార్చేయాలి. మర తిప్పి బిగించే స్టీలు హుక్కు పెట్టుకుంటే దిగులుండదు. బ్యాగులు కుట్టే షాపులో చెప్తే లీష్ కుట్టి ఇస్తారు. నవారు 3 అంగుళాలు మడత పెట్టి, చతురస్రం కుట్టి, దాని మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా మందపాటి నైలాన్ దారంతో రెండు వరసలు వేయమనండి. కోసిన అంచును కొవ్వొత్తి మంట మీద కాస్త కరిగిస్తే పోగులు లేవవు.

వీపు రింగు హార్నెస్ లాగడానికే అనువైనది. కాడి కట్టిన ఎద్దుకు బరువు మెడంతా పరుచుకున్నట్టు, దీనికి ఛాతీ అంతా పరుచుకుంటుంది, నొప్పి లేకుండా హాయిగా లాగుతుంది. ఛాతీ ముందు రింగు ఉన్నది తీసుకోండి. లాగిన కుక్క పక్కకు తిరిగి మీవైపే చూస్తుంది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరితే వదులు, షెపర్డ్ వెనక్కి నడిచి విడిపించుకుంటుంది. అందుకే హార్నెస్ రింగును మెడ బెల్టుకు ఒక పొట్టి పట్టీతో కలిపి ఉంచడం మేలు.

లీష్‌ను మణికట్టుకు చుట్టుకోవద్దు. ఉచ్చును బొటనవేలికి తగిలించి పిడికిలి మూయండి. గట్టిగా పట్టు దొరుకుతుంది, వదలాలంటే పిడికిలి తెరిస్తే చాలు. నడుము బెల్టు వద్దనడానికీ ఇదే కారణం. రెండూ కలిపి 63 కిలోలు, మీకంటే ఎక్కువ. మీరు బండి కింద పడబోతే వదిలే వీలుండాలి.

ఎటు పక్క నడవాలి? ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి అంచున, ఎదురొచ్చే బండ్లు కనిపించేట్టు నడవండి. కుక్కలు రెండూ మీ కుడి పక్కనే ఉండాలి, అప్పుడు బండ్లకూ వాటికీ మధ్య మీరుంటారు. ఉచ్చులు రెండూ ఎడమ బొటనవేలికి, కుడి చెయ్యి లీష్‌ల మీద జారుతూ దగ్గరికి తీసుకోవడానికి.

అలవాటు చేయడం గేటు దగ్గరే మొదలవ్వాలి. రెండూ కూర్చుంటేనే గడియ తీయండి, లేస్తే మళ్ళీ వేసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు దీనికే పావుగంట పోతుంది, పోనివ్వండి. గేట్లో ఉరికిన కుక్కలు గల్లీ చివరిదాకా ఆ ఊపులోనే ఉంటాయి. తర్వాత ఒక వారం ఒక్కోదాన్ని విడిగా 10 నిమిషాలు నడపండి. లీష్ బిగిస్తే ఆగిపోవాలి, వదులైతే కదలాలి, మాటలక్కర్లేదు. ఆ తర్వాత ఇంట్లో ఇంకొకరి సాయం తీసుకుని, చెరొకటి పట్టుకుని, మధ్యలో రెండు మీటర్లు వదిలి పక్కపక్కనే నడవండి. అది కుదిరాకే ఒక్కరు రెండింటినీ, అదీ ఖాళీ గల్లీలో 5 నిమిషాలు. ఉడికించిన చికెన్ శనగ గింజంత ముక్కలు ఇరవై ముప్పై జేబులో ఉండాలి, ఆ లెక్క రాత్రి తిండిలో తగ్గించాలి.

ఇంకొకటి గమనించండి. రెండూ ఒకేసారి దూకినట్టు కనిపిస్తుంది గానీ మొదలుపెట్టేది ఒకటే ఉంటుంది. ఈ వయసు షెపర్డ్ అయితే అదే కావచ్చు. చెవులు ముందుకు నిక్కబొడుచుకుని, నోరు మూసుకుని, నడక బిగుసుకుంటే రెండు సెకన్లలో మొరుగుతుంది. ఆ రెండు సెకన్లలోనే తిప్పేయాలి.

గల్లీ_చివర

వీధికుక్కల ముచ్చట నేను చెప్త అక్కా. వాటికి గల్లీ హద్దులుంటయి. హద్దు దాకా ఉరికొస్తయి, ఒర్రుతయి, హద్దు కాడ ఆగుతయి. పగటి పూట ఒక్కసారి కుక్కలు లేకుంట నడిచి చూసి రండి, ఏ మూల మీద ఎన్ని పంటయో, చెత్త ఏడ పోస్తరో, చికెన్ షాపోళ్ళు వ్యర్థాలు ఏడ పడేస్తరో. ఆదివారం పొద్దుగాల మటన్ షాపుల కాడ గుంపు పెద్దగుంటది, ఆ దారి ఆ రోజు మానెయ్యాలె.

ముప్పై నలబై అడుగుల దూరంల గుంపు కనవడంగనే తిరగాలె. కండ్లు కండ్లు కలిసినంక తిరుగుడు కష్టం. ఉరకొద్దు, ఉరికితే ఎంబడి వడ్తయి. మీ కుక్కల్ని గోడ దిక్కు పెట్టి, మీరు నడుమ ఉండి, నిమ్మళంగ అర్ధచంద్రం లెక్క చుట్టు తిరిగి దాటాలె. దగ్గరకొస్తే వంగి రాయి తీసినట్టు చెయ్యండి, సగం గుంపు అక్కడ్నే ఆగుతది. నిజంగ కొట్టొద్దు, దెబ్బ తిన్న కుక్క రేపటి సంది మీ కోసమే కాసుకుంటది.

కట్టె పట్టుకపొమ్మని చాన మంది చెప్తరు. నాకైతే నచ్చదు. కట్టె లేపితే మీ షెపర్డ్ కూడ ఎగురుతది, ఒక చెయ్యి కట్టెకే పోతది. బటన్ నొక్కితె విచ్చుకునే గొడుగు మంచిది. గుంపుకు మీకు నడుమ టప్పున విప్పితే ఎనకకు జరుగుతయి. కాని ముందుగాల ఇంట్లనే మీ కుక్కలకు పది పదిహేను సార్లు దూరంకెళ్ళి విప్పి, ముక్క పెట్టి అలవాటు చెయ్యాలె. లేకుంటె అవే బెదురుతయి.

అక్టోబర్ నడిమిట్ల చిత్త కార్తె వస్తది. అప్పుడు గుంపులు పెద్దగయితయి, మగయి కొట్లాడుకుంటయి. మీ మగదానికి పిల్లలు కాకుంట చేసే ఆపరేషన్ కాకుంటె ఆ రెండు మూడు వారాలు రెండిట్ని కలిపి తీస్కపోవద్దు. అప్పుడు కట్టిన ఆడకుక్కలు రెండు నెలలకు, డిసెంబర్ల ఈంతయి. పిల్లతల్లి ఉన్న మూల దిక్కు సంక్రాంతి దాక పోకుండుడే మంచిది.

కొట్లాట అయినప్పుడు మెడ బెల్టు కాడ చెయ్యి పెట్టొద్దు. ఆ జోరు మీద మీ రెండు కుక్కలే ఒకదాన్నొకటి కొరుక్కోవచ్చు. ఒకదాని లీష్ స్తంభానికో గేటుకో చుట్టి, రెండోదాన్ని తీస్కొని దూరం జరగాలె. మనిషికి పన్ను దిగితె పావుగంట సబ్బు వెట్టి నల్లా నీళ్ళ కింద కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె. మీ కుక్కకు టీకా ఉన్నా సరే, కరిస్తే మళ్ళ ఒక డోసు వెంటనే ఇప్పియ్యాలె.

జ్వరంకర్ర

ఎండ, కడుపు, పిడుదులు. ఈ మూడింటి గురించి రాస్తాను.

రోహిణి కార్తెలో తారు రోడ్డు రాత్రి 8 దాకా వేడి వదలదు. మీ చేతి వెనక భాగం 7 సెకన్లు రోడ్డుకు ఆనించి పట్టగలిగితేనే బయటికి తీయండి. మే నెలలో తెల్లవారి 5 నుంచి 6 లోపు వాకింగ్ ముగించాలి. ల్యాబ్ ఎప్పుడు అలిసిందో చెప్పదు, పడిపోయేదాకా వెంట వస్తుంది. నాలుక వెడల్పుగా కిందికి వేలాడి, చొంగ చిక్కగా సాగి, చిగుళ్ళు ముదురు ఎరుపైతే అప్పటికప్పుడే ఆపాలి. మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే నల్లా నీళ్ళు ఒంటి నిండా పోస్తూ ఫ్యాను గాలి తగలనివ్వాలి. తడి గుడ్డ కప్పి అలాగే ఉంచొద్దు, అది వేడిని లోపలే ఆపుతుంది. 103కు దిగాక నీళ్ళు ఆపి డాక్టరు దగ్గరికి. కుదుటపడ్డట్టు కనిపించినా వెళ్ళాలి, కిడ్నీల దెబ్బ మర్నాటికి బయటపడుతుంది.

తిండి పెట్టాక రెండు గంటలు పరుగు, ఆట వద్దు. లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో, ముఖ్యంగా షెపర్డ్‌లో, కడుపు ఉబ్బి మెలితిరుగుతుంది. వాంతికి ఓకరిస్తూ ఏమీ రాకపోవడం, పొట్ట డప్పులా బిగియడం, నిలవలేక తిరగడం దాని గుర్తులు. అది ఆపరేషన్ కేసు, ఇంట్లో జీలకర్ర నీళ్ళు తాగిస్తూ కూర్చోవద్దు. రోజు తిండిని రెండు పూటలు చేసి పెట్టండి.

షెపర్డ్‌కు ఎముకల చివర్లు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. పెద్ద జాతులకు 18 నెలల దాకా పడుతుంది. గుట్ట మెట్ల మీద పరుగులు, గోడ దూకడాలు అప్పటిదాకా ఆపండి. మెల్లగా ఎక్కడం పరవాలేదు.

వానాకాలం నుంచి పిడుదులు. వాకింగ్ అయ్యాక వేళ్ళ సందులు, చెవుల లోపల, బెల్టు కింద, తోక మొదట్లో చూడండి. వేళ్ళతో నలపొద్దు, చిమటాతో చర్మానికి ఆనించి తిన్నగా లాగి సబ్బు నీళ్ళలో వేయండి. నమిలే మందు బిళ్ళ ప్రతి కుక్కకూ దాని బరువును బట్టి విడిగా ఇవ్వాలి, ఒకటి విరిచి ఇద్దరికీ పంచడం పనికిరాదు. నెక్స్‌గార్డ్ నెలకొకసారి, బ్రావెక్టో 12 వారాలకొకసారి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరును అడగకుండా రెండూ వద్దు. తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే పిడుదుల జ్వరం (టిక్ ఫీవర్) అనుకుని అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

మట్టికోట_దారి

కోటలో కీర్తి తోరణాలున్న చోటు పురావస్తు శాఖది, టికెట్టు పెట్టి చూసే జాగా. అటు వద్దు. బయట మట్టికోట కట్ట పొడవునా తెల్లవారుజామున నడవడానికి బాగుంటుంది. నేల మెత్తన, బండ్లు తక్కువ. రాతికోట చుట్టూ ఉన్న అగడ్త నీళ్ళు తాగనివ్వొద్దు. ఎక్కడైనా సరే నిలిచిన నీటి మీద ఆకుపచ్చ పెయింటు పోసినట్టు తెట్టు కట్టి ఉంటే ఆ నీళ్ళు విషమే అనుకోండి. ఒక పూటకు రెండింటికీ కలిపి రెండు లీటర్లు, ఒక గిన్నె మీతోనే ఉండాలి.

వడ్డేపల్లి, భద్రకాళి చెరువు కట్టల మీద పొద్దున జనం ఎక్కువ. రెండు పెద్ద కుక్కలు ఎదురొస్తే పెద్దవాళ్ళు బెదురుతారు, అది వాళ్ళ తప్పు కాదు. ధర్మసాగర్ కట్ట మేలు. కానీ నీటి వైపు పేర్చిన రాళ్ళ మీదికి దింపొద్దు, సందుల్లో కాలు ఇరుక్కుంటుంది.

కాకతీయ కాలువ గట్టు మీద లీష్ ఒక్క క్షణం కూడా విప్పకండి. కాలువ లోపలి వాలు సిమెంటు, పాకుడు పట్టి ఉంటుంది. నీళ్ళు వదిలినప్పుడు ల్యాబ్ ఆనందంగా దూకుతుంది, ఈదుతుంది, ఎక్కి రాలేదు. దాని వెంట దిగి మనుషులు ప్రాణాలు పోగొట్టుకుంటారు. కుక్క పడితే మీరు దిగొద్దు, మెట్లున్న చోటి దాకా గట్టు వెంట నడుస్తూ పిలవండి.

పొలాల సంగతి. పత్తి, మిరప చేలల్లో మందు కొట్టిన రెండు మూడు రోజులు అటు పోవద్దు. గట్టు మీద పడేసిన మందు డబ్బా మూత నాకినా చాలు. వరి మళ్ళలో చల్లే గుళికలు పాదాలకు అంటుకుంటాయి, తర్వాత నాకుతాయి. చొంగ ధారగా కారడం, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు వణకడం కనిపిస్తే పాలు పోయొద్దు. ఒంటికి అంటింది కడిగి, డబ్బా ఫోటో తీసుకుని నేరుగా డాక్టరు దగ్గరికి.

చీకటితో చేల వెంట అస్సలు వద్దు. అడవి పందుల కోసం జానెడు ఎత్తున పుల్లలకు కట్టిన సన్న తీగలో కరెంటు ఉండొచ్చు. అలా పెట్టడం నేరమే, అయినా పెడుతున్నారు. కుక్క తగిలి పడితే దాన్నీ, తడిసిన లీష్‌నూ ముట్టుకోవద్దు, ముందు కరెంటు ఆపించాలి. బాగా తెల్లవారాక, బండి బాట మీదే నడవండి. ఇంటికొచ్చాక వేళ్ళ సందుల్లో పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు ఉన్నాయేమో తీయాలి.

పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, అక్కడికి కుక్కల్ని తీసుకెళ్ళొద్దు. డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) లాంటివి అడవి జంతువులకు పాకుతాయి. 2018లో గిర్‌లో చనిపోయిన సింహాల్లో కొన్నింటికి ఆ వైరస్ సోకింది.

వడ్డేపల్లి_కట్ట

అందరికీ థాంక్స్. చీలిక లీష్ తీసేశాను, నవారు 25 మిల్లీమీటర్లది దొరికింది. ఒక్క ప్రశ్న: షెపర్డ్ రోడ్డు మీద ఎముకలు ఏరుకుంటుంది. మూతికి గుడ్డ మజిల్ వేస్తే చాలా?

జ్వరంకర్ర

గుడ్డది వద్దండి. నోరు మూసుకుపోతే కుక్క వగర్చలేదు, ఒళ్ళు చల్లబడే ముఖ్యమైన దారి అదే. ఎద్దు మూతికి కట్టే చిక్కంలా బుట్ట ఆకారంలో ఉన్నది తీసుకోండి. నోరు పూర్తిగా తెరవగలగాలి, నీళ్ళు తాగగలగాలి, ముక్కు కొసకూ బుట్టకూ మధ్య వేలు పట్టాలి. లోపల పెరుగు రాసి దానంతటదే మూతి పెట్టనివ్వండి, మూడు రోజులు పట్టీ బిగించకుండా అంతే చేయండి. తర్వాత ఇంట్లో నిమిషం, ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోయి, రోడ్డు మీదికి రెండో వారంలో.