ప్రోస్టేట్ కేన్సర్: హార్మోన్ సూది నెలకా, మూణ్నెల్లకా, ఆర్నెల్లకా?

ప్రశ్న (సోంపేట)
నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ కేన్సర్ వెన్నెముకకు పాకింది. ఒక డాక్టరు గోసెరెలిన్ 3.6 మి.గ్రా. నెలకోసారి అన్నారు. ఇంకొకరు లూప్రోలైడ్ 11.25, మరొకరు అదే మందు 22.5 రాశారు, రెండూ మూణ్నెల్లకే. సగం డోసు సరిపోతుందా? మధ్యలో ఆపి మళ్లీ మొదలెట్టొచ్చా? మాది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.9 ఉంది.

జవాబు 1 (ఫార్మసిస్ట్, విజయనగరం)
మి.గ్రా. అంకె చూసి పోల్చకండి మాస్టారూ. మందు ఎన్నాళ్లపాటు కొద్దికొద్దిగా విడుదలవుతుందన్నది తయారీని బట్టి ఉంటుంది. లూప్రోలైడ్ 11.25, 22.5 రెండూ మూడు నెలలవే, ట్రిప్టోరెలిన్ 22.5 ఆరు నెలలది. గోసెరెలిన్ 3.6 అయితే 28 రోజులకు, 10.8 అయితే 12 వారాలకు. ఈ కేన్సర్‌ని పెంచే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని అణచడంలో వీటి మధ్య పెద్ద తేడా లేదు. విశాఖ ప్రయాణం భారమైతే మూణ్నెల్లదే మేలు, తేదీ మాత్రం దాటనివ్వొద్దు.

లూప్రోలైడ్ పొడిని ద్రవంలో కలిపిన వెంటనే పొడిచెయ్యాలి. ఆలస్యమైతే అడుగుకు దిగి సూదిలో అడ్డుపడుతుంది, డోసు సగమే వెళ్తుంది. గోసెరెలిన్‌ని 25 డిగ్రీల లోపు ఉంచాలి. ఏప్రిల్ ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని తిరగొద్దు. పొట్ట చర్మం కింద లావు సూదితో వేస్తారు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

జవాబు 2 (డాక్టర్, శ్రీకాకుళం)
అసలు చూడాల్సింది మొదటి నెల. ఈ సూదులతో తొలి ఒకటి రెండు వారాలు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది. వెన్నులో గడ్డ ఉన్నవాళ్లకు నరాలు నొక్కుకుపోవచ్చు. అందుకే టెస్టోస్టెరాన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్ర 50 మి.గ్రా. సూదికి వారం ముందో, కనీసం అదే రోజో మొదలెట్టి సుమారు నాలుగు వారాలు వాడతారు. ఈలోగా కాళ్లు తూలినా, మూత్రం బిగుసుకున్నా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డెగరెలిక్స్ అనే మరో రకం హార్మోన్ సూదికి ఆ పెరుగుదల ఉండదు. మొదటిరోజు 120 చొప్పున రెండు సూదులు, తర్వాత 28 రోజులకోసారి 80 మి.గ్రా. చిక్కేమిటంటే నెలనెలా వెళ్లాలి, పొడిచిన చోట వాపు, నొప్పి ఎక్కువ. వృషణాలు తీసే ఆపరేషనైతే గంటల్లోనే టెస్టోస్టెరాన్ పడిపోతుంది, ఖర్చు ఒక్కసారే, తేదీల బెడద లేదు. మొహమాటంతో ఆ మాటే ఎత్తరు గానీ ఉద్దానం నుంచి విశాఖ తిరగాల్సినవాళ్లు తప్పక అడగాల్సిన దారి. తిరిగి వెనక్కి తెచ్చుకోలేమన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఆపి మొదలెట్టడం గురించి: ఎముకలకు పాకిన కేసుల్లో అది నిరంతర చికిత్సకు తీసిపోదని 2013 నాటి అమెరికా పెద్ద ట్రయల్ నిరూపించలేకపోయింది. కాబట్టి మీకు వద్దు.

జవాబు 3 (ఆంకాలజీ నర్సు)
సూది ఒక్కటే చాలదు, అబిరటెరోన్ లాంటి మాత్ర కలుపుతారా అని అడగండి. 250 మి.గ్రా. మాత్రలు నాలుగు, పరగడుపున. ఉదయం 5కి వేస్తే చోడి అంబలి 6 దాటాకే. తిని వేస్తే మందు రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువ చేరిపోతుంది. ప్రెడ్నిసోలోన్ 5 మి.గ్రా. తిన్నాక. తొలి మూణ్నెల్లు రెండు వారాలకోసారి లివర్ పరీక్ష. బీపీ, పొటాషియం కూడా చూడాలి. మాత్ర మొదలైందని సూది ఆపేస్తుంటారు, ఆపకూడదు.

ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ రాస్తే క్రియాటినిన్ చీటీ చూపించండి. దాన్నిబట్టి లెక్కగట్టే క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, నిమిషానికి మి.లీ.లలో) 60 లోపైతే డోసు తగ్గించాలి, 30 లోపైతే ఇవ్వరు. నడుంనొప్పికి డైక్లోఫెనాక్ కొని వెయ్యకండి, కిడ్నీలకు మంచిది కాదు. పీఎస్ఏ (ప్రోస్టేట్ కేన్సర్ తీరు చెప్పే రక్తపరీక్ష)తోపాటు టెస్టోస్టెరాన్ కూడా, తర్వాతి సూదికి ముందు రోజుల్లో చేయించండి. టెస్టోస్టెరాన్ 50 ng/dL దాటితే సూది పనిచేయట్లేదని. 50 లోపున్నా పీఎస్ఏ పెరుగుతుంటే మందు మార్చే వేళయిందని.