ఇంటి వెనక మౌంటెన్ లయన్: కుక్కని, పిల్లిని ఎలా కాపాడుకుంటున్నారు?

సారటోగా_కొండదారి:
అందరికీ నమస్తే. మాది కాలిఫోర్నియాలోని సారటోగా, కొండలవైపు చివరి వీధి. మొన్న తెల్లవారుజామున పక్కింటివాళ్ల కెమెరాలో మౌంటెన్ లయన్ (ప్యూమా అనే పెద్ద అడవి పిల్లి) పడింది. మా రెండిళ్ల మధ్య సందులోంచి తాపీగా నడిచి వెళ్లింది. మాకు బీగిల్ కుక్క ఉంది, రాత్రి పెరట్లోకి వెళ్లేందుకు డాగ్ డోర్ పెట్టించాం. పిల్లి సగంరోజు బయటే తిరుగుతుంది. ఫెన్స్ 6 అడుగులు. 8కి పెంచితే సరిపోతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

పెరటి_గులాబీ:
ఫెన్స్ మీద డబ్బు పెట్టకండి. మౌంటెన్ లయన్ ఉన్నచోటు నుంచే 15 అడుగుల ఎత్తు దాకా ఎగరగలదు. ముందు ఆ డాగ్ డోర్ పొద్దుగూకేసరికి మూసెయ్యండి. అది ఎక్కువగా తిరిగేది మునిమాపు నుంచి తెల్లారేదాకా. మేం రాత్రి చివరిసారి కుక్కని బయటికి తీసుకెళ్లేముందు లైట్లు వేసి, గట్టిగా మాట్లాడుతూ, పొదలవైపు టార్చ్ కొట్టి చూస్తాం. ఆ తర్వాతే లీష్‌తో తీసుకెళ్తాం.

ఇంకొకటి. దాని అసలు తిండి జింక. మన పెరట్లోకి జింక వస్తే వెనకాలే అదీ రావచ్చు. రాలిన పళ్లు ఏరెయ్యండి, గోడ పక్కన గుబురు మొక్కలు నేలనుంచి కాస్త ఎత్తుదాకా కత్తిరించండి. జింకలకి తిండి పెట్టడం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం, అయినా కొందరు ముద్దుగా ఉన్నాయని పెడుతూనే ఉంటారు. అన్నట్టు, జింకలు తినవు కదా అని గన్నేరు మాత్రం పెట్టకండి, కుక్కలకి విషం.

మేకలపాక:
మేం శాంటాక్రూజ్ కొండల్లో ఉంటాం. మేకలు, కోళ్లు ఉన్నాయి. చుట్టూ కంచె ఎంత గట్టిగా ఉన్నా పైకప్పు లేకపోతే లేనట్టే. గట్టి వెల్డెడ్ మెష్‌తో నాలుగు వైపులా, పైన కూడా మూసిన పాక కట్టించి, చీకటి పడకముందే అన్నిటినీ లోపలికి తోలి గడియ పెడతాం. కదలికకి వెలిగే లైట్లూ ఉన్నాయి కానీ వాటినే నమ్ముకోవద్దు, కొన్నాళ్లకి జంతువుకి అలవాటైపోతాయి. చోటు మారుస్తూ ఉండాలి.

పిల్లి సంగతి: దాన్ని లోపలే ఉంచండి. మౌంటెన్ లయన్ సంగతి పక్కనపెట్టినా కయోటీలు (నక్కలాంటి అడవి జంతువులు) రోజూ తిరుగుతుంటాయి. కిటికీకి ఆనించి చిన్న మెష్ గది కట్టిస్తే ఎండా గాలీ తగులుతాయి.

ఎల్ఏ_వాకర్:
లీష్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. మా దగ్గర గ్రిఫిత్ పార్క్‌లో ఏళ్లతరబడి ఉన్న పి-22 అనే మౌంటెన్ లయన్ గుర్తుందిగా, 2022 నవంబర్‌లో హాలీవుడ్ హిల్స్‌లో లీష్ మీద నడుస్తున్న చివావాని లాక్కెళ్లింది. చిన్న కుక్క అయితే చీకట్లో వాకింగ్ మానేయండి. పొడుగ్గా సాగే లీష్ వద్దు, పొట్టిది వాడండి.

ఇంకో విన్నపం. ఎలుకల మందు పెట్టకండి. దాన్ని తిన్న ఎలుకల్ని చిన్న జంతువులు, వాటిని మౌంటెన్ లయన్లు తింటాయి, విషం ఒంట్లో పేరుకుంటుంది. మన కుక్కకీ అదే ప్రమాదం.

కూపర్టినో_కొత్త:
ఫిర్యాదు చేస్తే పట్టుకెళ్లి దూరంగా వదిలేయరా?

మేకలపాక:
అలా చెయ్యరండీ. కొత్తచోట అప్పటికే మరో మగది ఉంటే పోట్లాటే, లేదా తిరిగి వచ్చేస్తుంది. 1990లో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 117 అనే చట్టం వల్ల ఇక్కడ దీన్ని వేటాడకూడదు. కనిపిస్తే, పెంపుడు జంతువు మీద పడితే స్టేట్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకి చెప్పండి. ఊరికే దారిన పోయినదాన్ని ఎవరూ ఏమీ చెయ్యరు, చెయ్యకూడదు కూడా. మనం వచ్చి ఇల్లు కట్టుకున్నది దాని కొండమీదే.

అలిపిరి_మెట్లు:
మా నాన్నగారు తిరుపతి నుంచి వచ్చి ఉన్నారు, ఇదంతా చదివి వినిపించాను. 2023లో అలిపిరి నడకదారిలో చిరుతపులి పాపని చంపాక టీటీడీ వాళ్లు భక్తులకి చేతికర్రలిచ్చారు కదా, ఆయన అప్పటి నుంచీ కర్ర లేనిదే నడకకి వెళ్లరు. ఇక్కడా అంతే. నాకు అది మంచి అలవాటే అనిపిస్తుంది.

ఎదురైతే పరిగెత్తొద్దు, వీపు చూపొద్దు. దాన్నే చూస్తూ, చేతులు పైకెత్తి, అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. మీద పడితే ఎదురు తిరిగి కొట్టాలి. పిల్లల్నీ చిన్న కుక్కనీ ఎత్తుకోవాలి, కానీ వంగి కూర్చోకుండా. వంగితే మనం చిన్నగా కనిపిస్తాం.

సారటోగా_కొండదారి:
చాలా థాంక్స్ అండీ. డాగ్ డోర్ ఈ రాత్రే మూసేశాం, పిల్లి లోపలే. బయట పెట్టే తిండి గిన్నెలూ తీసేశాం. ఈ వారాంతం పొదలు కొట్టిస్తా. ఒక్క డౌట్: పెరట్లో చచ్చిన జింక కనిపిస్తే మనమే తీసెయ్యొచ్చా?

మేకలపాక:
వద్దు. మీద ఆకులూ మట్టీ కప్పి ఉంటే అది మౌంటెన్ లయన్ దాచుకున్న తిండి, మళ్లీ వస్తుంది. కుక్కని ఇంట్లో పెట్టి, దగ్గరికి వెళ్లకుండా అదే శాఖకి ఫోన్ చెయ్యండి. పక్కింటివాళ్లకీ వెంటనే చెప్పండి.