గినియా, రాజధాని కొనాక్రీ: ఇది మన షిప్ వాళ్ళని పట్టుకున్న దేశమేనా?

గాజువాక అక్క:
మా తమ్ముడికి జాయినింగ్ వచ్చింది, షిప్ బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) లోడింగ్‌కి గినియాలోని కామ్సార్ పోర్టుకి వెళ్తుందట. గినియా అనగానే అమ్మకి మనవాళ్ళున్న హీరోయిక్ ఇడున్ షిప్‌ని పట్టుకున్న గొడవ గుర్తొచ్చి ఒకటే టెన్షన్. ఫోన్లో వెతికితే రాజధాని ఒకచోట మలాబో, ఒకచోట బిస్సావు, ఇంకోచోట కొనాక్రీ అని వస్తోంది. ఏది నిజం? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఇంజిన్ రూమ్ వైజాగ్:
అక్కా, ఆ మూడు ఊళ్ళూ వేరే వేరే దేశాలవి. 2022 ఆగస్టులో ఆ షిప్‌ని ఆపింది ఈక్వటోరియల్ గినియా, అప్పటికి దాని రాజధాని మలాబో. అందులో 16 మంది మనవాళ్ళు ఉన్నారు, తర్వాత నైజీరియాకి అప్పగిస్తే 2023లో గానీ బయటపడలేదు. మీ తమ్ముడు వెళ్ళేది అక్కడికి చాలా దూరం, బాగా పడమటికి, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న గినియా. రాజధాని కొనాక్రీ, అధికార భాష ఫ్రెంచ్. పైరసీ భయం ఎక్కువగా ఉండేది నైజీరియా వైపు నీళ్ళలో. అమ్మగారికి మ్యాప్ తీసి చూపించండి. బిస్సావు ఏమో వీళ్ళ పక్క దేశం గినియా-బిస్సావు రాజధాని, అక్కడి జీడిగింజలు చాలావరకు మనకే వస్తాయి.

పోర్ట్ ఏరియా:
బాక్సైట్ నిల్వల్లో ప్రపంచంలో మొదటి స్థానం గినియాదే. సాంగరేదీ గనుల నుంచి రైల్లో కామ్సార్‌కి దించుతారు, ఒడిశాలోని దామన్‌జోడి నుంచి అల్యూమినా మన వైజాగ్ పోర్టుకి వచ్చినట్టే. దేశం మన ఏపీకి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. 1958లో మా కూటమిలోనే ఉంటారా అని ఫ్రాన్స్ రెఫరెండం పెడితే దాని కాలనీలన్నిటిలో 'వద్దు' అని ఓటేసింది వీళ్ళొక్కరే, అక్టోబర్ 2న స్వతంత్రం తెచ్చుకున్నారు, కోపంతో ఫ్రెంచివాళ్ళు ఉన్నపళంగా సాయమంతా ఆపేసి వెళ్ళిపోయారు. ఇంత ఖనిజం ఉండీ జనం పేదరికంలోనే ఉన్నారంటే, మన ఏజెన్సీలో బాక్సైట్ వద్దని గిరిజనులు ఎందుకు అంతగా పోరాడారో నాకైతే అర్థమవుతుంది. కొనాక్రీ మొదట టోంబో అనే చిన్న దీవి మీద పుట్టిన ఊరు, తర్వాత సన్నటి కలూమ్ ద్వీపకల్పం పొడవునా పెరిగింది, అందుకే ట్రాఫిక్ నరకం. జూలై, ఆగస్టుల్లో వానలు మామూలుగా ఉండవు. 2021 సెప్టెంబర్‌లో సైన్యం అధికారం పట్టుకుంది, కాబట్టి ఒడ్డుకి దిగితే ఊరేగింపులు, గుంపుల జోలికి పోవద్దని చెప్పండి.

గాజువాక అక్క:
అమ్మయ్య! అమ్మకి చదివి వినిపించా, చాలా థ్యాంక్సండి. మరి ఇంజెక్షన్ ఏదో వేయించుకోవాలట కదా?

ఇంజిన్ రూమ్ వైజాగ్:
ఎల్లో ఫీవర్ టీకా అక్కా, తప్పనిసరి. ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు, వేసిన 10 రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆఖరి నిమిషం దాకా ఆగొద్దు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెట్టేస్తారు. మలేరియా మందులు కూడా డాక్టర్ని అడిగి తీసుకెళ్ళమనండి.