కాట్స్‌వోల్డ్స్ పల్లెల్లో ‘పబ్’ని పానశాల అనొచ్చా?

ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ ఊళ్ల మీదుగా కారులో తిరిగొచ్చిన ఒక సభ్యురాలు తెలుగులో యాత్రాకథనం రాస్తూ మన ఈ బృందంలో రెండు సందేహాలు పెట్టారు. ‘పబ్’కి ‘పానశాల’ సరిపోతుందా? ‘లీజర్లీ డ్రైవ్’ని ‘విశ్రాంతి ప్రయాణం’ అనొచ్చా? వ్యాఖ్యల్లో ఎక్కువమంది పానశాలకే ఓటేశారు. నా ఓటు మాత్రం దానికి పడదు.

రెండోది ముందు తేల్చేద్దాం. విశ్రాంతి అంటే పని ఆపి నడుం వాల్చడం. ఆవిడ చేసింది ఎక్కడపడితే అక్కడ ఆగుతూ వెళ్లడం. దానికి ‘నింపాదిగా’ ఉంది, ‘తీరుబడిగా’ ఉంది, ‘తాపీగా’ ఉంది. పైగా అక్కడ నింపాదిగా పోక తప్పదు కూడా. రోమన్లు వేసిన ఫాస్ వే మీద కాసేపు తిన్నగా సాగుతాం. పల్లెలోకి మళ్లామా, దారి ఒక్క కారు పట్టేంతే. రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచె. నిబంధన ప్రకారం గంటకు 60 మైళ్ల వరకూ పోవచ్చు, కానీ 20కి మించితే గుండె నోట్లోకి వస్తుంది. ఎదురుగా ట్రాక్టర్ కనబడితే దారి వెడల్పైన చోటు దాకా వెనక్కి నడపాల్సిందే. దారిచ్చినందుకు అవతలివాళ్లు స్టీరింగ్ మీంచి నాలుగు వేళ్లు ఎత్తి పోతారు.

ఇక పబ్. పానశాల అనగానే నాకు పౌరాణిక సినిమా సెట్టింగే కనబడుతుంది: బంగారు పాత్ర, తూలుతున్న సేనాపతి. అలాగని ఉత్త ‘పబ్’ అని వదిలేసినా చిక్కే. మన పేపర్లలో పబ్ అంటే జూబ్లీహిల్స్, రంగు లైట్లు, చెవులు పగిలే పాట, అర్ధరాత్రి పోలీసులు. పల్లె పబ్బు ఇంకో లోకం. బయట రాతి గోడ, లోపల నల్లబడ్డ దూలాలు, చలికాలమైతే పొయ్యిలో కట్టెలు, దాని ముందు ఎవరిదో తడిసిన కుక్క. పాట ఉండదు. ఉన్నా మాటలకు అడ్డం రాదు. పిల్లలతో వచ్చి భోంచేసేవాళ్లుంటారు, పేపరు చదువుకుంటూ ఒక్క గ్లాసుతో రెండు గంటలు గడిపే పెద్దాయన ఉంటాడు. మందు ముట్టనివాళ్లు కాఫీయో నిమ్మరసం సోడానో చెప్పినా ఎవరూ వింతగా చూడరు. కారు నడిపేవాళ్లకు ఎలాగూ అదే గతి.

మన మాటల్లో ఏది దగ్గర? ఇంగ్లండ్‌లోనే పూర్వం మూడు రకాలుండేవి. ఏల్ అనే బీరు కాచి పోసే ఏల్‌హౌస్, ద్రాక్షసారా అమ్మే టావెర్న్, తిండీ పడకా ఇచ్చే ఇన్. మొదటిదానికి కోస్తావైపు ‘కల్లు పాక’, తెలంగాణలో ‘కల్లు కాంపౌండు’ బాగానే నప్పుతాయి. మూడోదానికి ‘సత్రం’ అని రాయకండి, సత్రంలో డబ్బు పుచ్చుకోరు. డబ్బు తీసుకుని భోజనం పెట్టేది పూటకూళ్ల ఇల్లు. ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ అందరికీ తెలుసు. అంతకు చాలా ముందే, కాకతీయుల నాటి ఓరుగల్లును చూపించే ‘క్రీడాభిరామం’లో లక్ష్మణవజ్ఝల వారి ఇంట ఒక్క రూకకు దొరికే భోజనం మీద నోరూరించే పద్యమే ఉంది. కర్పూరభోగి బియ్యపన్నం దగ్గర మొదలై పెరుగు దాకా వెళ్తుంది. గ్లాసు ఊసు మాత్రం ఉండదు! ఇప్పటి పల్లె పబ్బు ఏల్‌హౌస్, టావెర్న్, ఇన్ మూడూ కలిసిన సరుకు, అందుకే మన మాట ఏదీ పూర్తిగా అతకదు.

నా సలహా ‘పబ్బు’. క్లబ్బు, టబ్బు లాగే. పబ్బులో, పబ్బుకి, పబ్బులు అని విభక్తులూ బహువచనమూ హాయిగా పడతాయి. మొదటిసారి ‘ఊరి పబ్బు’ అని రాసి, లోపల ఎలా ఉందో రెండు వాక్యాలు చెబితే పాఠకుడు జూబ్లీహిల్స్ వదిలి వచ్చేస్తాడు.

పబ్బుల పేర్లను అనువదించే జోలికి పోవద్దు, వెనక కథ ఉంటే చెప్పండి చాలు. ఏల్ అమ్మేవాళ్లు గుర్తు వేలాడదీయాలని 1393లో రెండో రిచర్డ్ కాలంలో చట్టం వచ్చింది. చదువురాని జనానికి బొమ్మే బోర్డు. తెల్ల దుప్పి ఆ రాజుగారి సొంత చిహ్నం, ఇంగ్లీషులో దాని పేరే ‘వైట్ హార్ట్’, ఆ పేరున్న పబ్బులు నేటికీ ఊరూరా ఉన్నాయి. రాయల్ ఓక్ అంటే 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిన రెండో చార్లెస్ దాక్కున్న చెట్టు. బోర్డు మీద ‘ఫ్రీ హౌస్’ అని ఉంటే మనవాళ్లు ఆశపడతారు గానీ, ఏదో ఒక్క బీరు కంపెనీ సరుకే అమ్మాలన్న కట్టుబాటు లేదని మాత్రమే దానర్థం. తక్కువ ఎత్తు దూలం మీద ‘డక్ ఆర్ గ్రౌస్’ అని రాసి ఉండటం కూడా చూస్తాం. రెండూ పిట్టల పేర్లే. క్రియలుగా తీసుకుంటే ‘వంగు, లేదా సణుక్కో’. ఈ శ్లేషను తెలుగులోకి దించగలిగినవాళ్లకు నా నమస్కారం.

ఊళ్ల పేర్ల దగ్గర మాత్రం మన తెలుగు దర్జాగా నిలబడుతుంది. చిప్పింగ్ క్యాంప్‌డెన్, చిప్పింగ్ నార్టన్‌లలో చిప్పింగ్ అంటే పాత ఇంగ్లీషులో సంత. మన సంతనూతలపాడు, సంతమాగులూరు ఆ బాపతే. స్టో-ఆన్-ద-వోల్డ్‌లో వోల్డ్ అంటే మెట్ట. అక్కడ గాలి చల్లగా కొడుతుందని ‘వోల్డ్’కి ‘కోల్డ్’తో అంత్యప్రాస కట్టిన సామెత కూడా ఉంది. అప్పర్ స్లాటర్, లోయర్ స్లాటర్ అనే జంట ఊళ్లున్నాయి. ఎవరో ‘ఎగువ వధ, దిగువ వధ’ అని సరదాగా అనువదించారు. ఆ స్లాటర్‌కి కసాయితనంతో సంబంధం లేదు, బురదనేల అనే అర్థమున్న పాత మాట అది. ఎగువ, దిగువ మాత్రం అచ్చం మన అహోబిలంలా. రెండు ప్రపంచ యుద్ధాలకూ వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చిన అతి కొద్ది ఊళ్లలో ఈ ఎగువ ఊరు ఒకటి. యాత్రాకథనంలో ఆ సంగతి తప్పక రాయండి.

వ్యాఖ్యల్లో ఒకరు ‘రౌండ్’ సంగతి అడిగారు. పబ్బులో బల్ల దగ్గరికి వచ్చి ఆర్డరు తీసుకోరు, మనమే కౌంటర్‌కి వెళ్లి డబ్బిచ్చి తెచ్చుకోవాలి. నలుగురు కలిస్తే ఒకరు వెళ్లి అందరికీ తెస్తారు, గ్లాసులు ఖాళీ అయ్యాక ఇంకొకరు లేస్తారు. తన వంతు రాగానే బాత్‌రూమ్‌కి మాయమయ్యేవాడి మర్యాద అక్కడితో సరి. ‘ఈసారి వంతు నాది’ అంటే సరిపోతుందనుకుంటాను. కల్లు కాంపౌండులో ఇలా వంతులవారీగా అందరికీ పోయించడానికి మీవైపు ప్రత్యేకంగా మాటేదైనా ఉంటే తెలంగాణ మిత్రులు రాయండి, వాడుక వాక్యంతో సహా.