సొంతంగా ప్లంబింగ్ పనులు పట్టాలంటే?

ప్రశ్న: కూకట్‌పల్లి వైపు సొంతంగా మొదలుపెడదామనుకుంటున్నా. జీఎస్టీ ముందే తీసుకోవాలా? ఏ సామాన్లు కొనాలి?

జవాబు 1: సర్వీసు పనులకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా అక్కర్లేదన్నా. కానీ మెటీరియల్‌తో కలిపి బిల్లేస్తే ఆ మొత్తమంతా లెక్కలోకొస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికెళ్లకు.

జవాబు 2: పైప్ రెంచ్‌లు రెండు (ఒకటి పట్టడానికి, ఒకటి తిప్పడానికి), సీపీవీసీ (వేడినీళ్లకూ పనికొచ్చే ప్లాస్టిక్ పైపు) కట్టర్, అన్నిటికన్నా ముందు టెస్టింగ్ పంపు. టైల్స్ పడకముందే ప్రెషర్ పెట్టి చూడాలి. తర్వాత లీకైతే పగలగొట్టే ఖర్చు నీదే.

జాయింట్ దగ్గర తొందరొద్దు. సీపీవీసీ పైపు కోసిన అంచు గీకి, సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పైపుకి మందంగా, సాకెట్‌లో (పైపు దూరే ఫిటింగ్ మూతిలో) పల్చగా రాసి, పావు వంతు తిప్పుతూ దూర్చి అర నిమిషం అదిమి పట్టు. వెంటనే వదిలేస్తే పైపు వెనక్కి జారుతుంది. ట్యాప్ వచ్చేచోట ఇత్తడి మర ఉన్న ఎల్బోనే (మూల మలుపు ఫిటింగ్) వాడు. ప్లాస్టిక్ మరలో ఇత్తడి ట్యాప్ గట్టిగా బిగిస్తే చీలుతుంది, అదీ గోడ లోపల!

జవాబు 3: హోల్‌సేల్‌కి సికింద్రాబాద్ రాణిగంజ్ చూడు. కొటేషన్‌లో పాయింట్ల (ట్యాపు, గీజర్ లాంటి నీటి కనెక్షన్ల) లెక్క రాసి సంతకం తీసుకో, మధ్యలో "ఇంకో గీజర్ పాయింట్" అంటారు. బోరు నీళ్లున్న ఇంట్లో ధార తగ్గిందంటే ముందు ట్యాప్ మూతి జాలీ విప్పు, సున్నం పట్టి ఉంటుంది.